జపానులో మన పంతులమ్మ

కొత్త కోడలికి వంట రాకపోవడం కాదు చిక్కు. ఆ ఇంట్లో ఉప్పు డబ్బా ఎక్కడ వుంటుందో తెలియకపోవడం. పుట్టింట్లో కళ్ళు మూసుకుని దించిన పప్పునే అత్తవారింట్లో పదిమంది చూస్తుండగా, ఏ గిన్నె దేనికో అడిగి తెలుసుకుంటూ, బెదురుతూ దించవలసి వస్తుంది. పరాయి దేశానికి పాఠం చెప్పడానికి వెళ్ళిన పంతులు సంగతీ సరిగ్గా ఇంతే. చదువు వుంటుంది, పట్టా వుంటుంది, సొంత ఊళ్ళో నలుగురు పెట్టే దణ్ణాలూ వుంటాయి. తీరా అక్కడికి చేరిన తర్వాత చెప్పులు ఎక్కడ విడవాలో తెలియక గుమ్మంలోనే నిలబడిపోతాడు.

మా సీమనుంచి పరదేశాలకు వెళ్ళేవారికి కొదవ లేదు. కువైటులో కష్టపడి ఇక్కడ ఇళ్ళు కట్టుకున్నవారున్నారు. అమెరికాలో కంప్యూటర్ల ముందు కూర్చున్నవారున్నారు. వాళ్ళ పని యంత్రాలతోనో, పెద్దవాళ్ళతోనో. పంతులు పని అట్లా కాదు. ఆ దేశంవారు తమ పిల్లలను తెచ్చి అతని చేతిలో పెడతారు. పెద్దల దగ్గర నెగ్గే నటన పిల్లల దగ్గర నాలుగు రోజులు కూడా నెగ్గదు. అందుచేత ఒక దేశం గుట్టుమట్లు తెలియాలంటే అక్కడి బడిలో పనిచేసిన మనిషిని అడగాలని నా నమ్మకం.

అటువంటి మనిషి నాకు ఒకరు దొరికింది. నేను నంద్యాలలో తెలుగు అధ్యాపకుణ్ణి. డిగ్రీలో నా దగ్గర తెలుగు చదువుకున్న ఒక అమ్మాయి మూడేళ్ళుగా జపానులో, షిమానె అనే జిల్లాలో, చిన్న పట్నంలోని మాధ్యమిక పాఠశాలలో ఇంగ్లీషు చెబుతున్నది. పేరు వ్రాయవద్దన్నది గనుక "మా ఆళ్ళగడ్డ అమ్మాయి" అనే అందాం. ఆళ్ళగడ్డ అంటే అహోబిలం యాత్రికులు బస్సు మారే ఊరనీ, రోడ్డు పక్కన శిల్పుల ఉలి చప్పుడు వినిపించే ఊరనీ చాలామందికి తెలుసు. అక్కడినుంచి నంద్యాలకు పల్లెవెలుగు బస్సులో రోజూ వచ్చి చదువుకున్న పిల్ల. ఫోనులో ఎంత పొడుగు సంగతైనా తెలుగులోనే వ్రాయాలని ఆమెకు నేను పెట్టిన షరతు. ఆ వుత్తరాలే ఈ వ్యాసానికి ఆధారం.

షిమానె జపాను సముద్రం వైపున్న జిల్లా. ఏడాదిలో సగం రోజులు మబ్బు, వాన, మంచు. భోజనం డబ్బా మరిచినా ఫరవాలేదుగాని గొడుగు మాత్రం మరవవద్దని అక్కడ సామెత వుందట. మే నెలలో తారు కరిగే ఎండలో పెరిగిన పిల్లకు ఇది ఎట్లా వుంటుందో పాఠకులే ఊహించుకోవచ్చు.

బడి గుమ్మంలోనే మొదటి పాఠం. బయట తిరిగిన చెప్పులు అక్కడే అరలో పెట్టి, లోపల తొడుక్కునే జోళ్ళు వేసుకోవాలి. పాయిఖానాకు మళ్ళీ వేరే జోళ్ళు. వాటితోనే తరగతిలోకి వచ్చేస్తే పిల్లలు పగలబడి నవ్వుతారు. మనకూ చెప్పులు గుమ్మంలో విడిచే అలవాటు వుంది కాబట్టి ఇది త్వరగానే పట్టుబడింది. అయితే మనం ఇంటికీ గుడికీ ఇచ్చే మర్యాదను వాళ్ళు బడికి కూడా ఇస్తున్నారు.

ఉపాధ్యాయులందరికీ ఒకే పెద్ద గది. బల్లలు ఒకదానికొకటి ఎదురుగా వేసి వుంటాయి. పొద్దున్నే అందరూ లేచి నిలబడి ఆనాటి కార్యక్రమం చెప్పుకుంటారు. సాయంత్రం ఎవరైనా ముందుగా ఇంటికి బయలుదేరితే, "మీకంటె ముందు వెళ్ళి మర్యాద తప్పుతున్నాను" అనే అర్థం వచ్చే మాట చెప్పి మరీ కదలాలి. మిగిలినవారు "మీరు అలిసిపోయారు" అనే అర్థంలో బదులు చెబుతారు. సెలవుల్లో ఎక్కడికైనా వెళ్ళి వస్తే ఆ ఊరి మిఠాయి పెట్టె తెచ్చి అందరి బల్లల మీదా ఒక్కొక్కటి పెట్టాలి. మొదటిసారి మన అమ్మాయి సెలవు గడిపి వెళ్ళేటప్పుడు నంద్యాలలో నువ్వుల ఉండలు కట్టించుకుని వెళ్ళింది. ఒకాయన ఆ ఉండను రెండు చేతులతో అందుకుని, దాన్ని చేసిన ఊరి పేరు అడిగి కాగితం మీద వ్రాసుకున్నాడట.

ఇక భాష. తెలుగు మేష్టరును గనుక ఈ విషయం రాగానే నాకు హుషారు పుడుతుంది. జపాను మాటలు, ఒక్క నకారంతో ముగిసేవి తప్ప, మన మాటల్లాగే అచ్చులతో ముగుస్తాయి. మనలాగే క్రియ వాక్యం చివర వస్తుంది. మనం "వస్తానని అన్నాడు" అంటే వాళ్ళు "కురు తొ ఇత్త" అంటారు. మన "అని" ఎక్కడ వుందో వాళ్ళ "తొ" అక్కడే వుంది. ఇంటిపేరు ముందు, సొంత పేరు తర్వాత. అన్నిటికంటె నన్ను ముగ్ధుణ్ణి చేసింది వేరొకటి. ఇంటినుంచి బయలుదేరేటప్పుడు మనం "పోతాను" అనము గదా, "పోయొస్తాను" అంటాము. జపానువాళ్ళు "ఇత్తెకిమాస్" అంటారు. ముక్క ముక్కగా విడదీస్తే అదీ "వెళ్ళి వస్తాను" అనే! ఇంట్లోవాళ్ళు ఇచ్చే జవాబు "వెళ్ళి రండి". ఇంగ్లీషులో ఈ మాటకు సమానం వెతుక్కున్నా దొరకదు.

ఇంతమాత్రాన రెండు భాషలూ అక్కచెల్లెళ్ళని తేల్చేయడానికి లేదు. జపాను పండితుడు సుసుము ఓనో తమ భాషకూ తమిళానికీ చుట్టరికం వుందని వాదించాడుగాని, భాషాశాస్త్రజ్ఞుల్లో ఎక్కువమంది ఒప్పుకోలేదు. చుట్టరికం లేకపోయినా పొరుగువారి పోలిక కొత్తగా వెళ్ళినవారికి ఎంతో ధైర్యం. ఇంగ్లీషు తెచ్చుకోవడానికి పన్నెండేళ్ళు పట్టిన పిల్లకు జపాను వాక్యం ఆరు నెలల్లో నోట ఆడింది.

మాట వచ్చినా మాట వెనక మనసు రావడానికి ఇంకా కాలం పడుతుంది. అక్కడ "హాయ్" అంటే "అవును" అని పుస్తకంలో వుంటుంది. "వింటున్నాను" అనేంతవరకే దానికి అర్థం అని అనుభవం చెబుతుంది. ఏదైనా అడిగితే "చొత్తొ..." అని, అంటే "కొంచెం..." అని, వాక్యం మధ్యలో ఆపేస్తారు. అది కుదరదని అర్థం. మన అమ్మాయికి ఇది విప్పి చెప్పనక్కరలేకపోయింది. ఆళ్ళగడ్డలో "చూద్దాంలే" అంటే ఏమిటో ఆమెకు చిన్నప్పటినుంచీ తెలుసు!

తరగతిలో ప్రశ్న వేస్తే చెయ్యి లేవదు. మొదటి నెలలో తన ఉచ్చారణే వాళ్ళకు అర్థం కావడం లేదేమోనని ఏడ్చినంత పనిచేసింది. తప్పు చెబితే పదిమందిలో పరువు పోతుందని ఆ పిల్లల భయం. పక్కవాడితో గుసగుసగా సరిచూసుకోనిస్తే జవాబు వస్తుంది. పైగా ఆమె హోదా సహాయక ఉపాధ్యాయురాలు మాత్రమే. జపాను ప్రభుత్వం 1987లో మొదలుపెట్టిన పథకం ద్వారా, ఆ తర్వాత ప్రైవేటు సంస్థల ద్వారా, ఇట్లా బయటి దేశాలవారు అక్కడి బళ్ళలో ఇంగ్లీషు చెప్పడానికి వెళుతున్నారు. అసలు ఉపాధ్యాయుడు పాఠం చెబుతుంటే, అడిగినప్పుడు లేచి వాక్యం చదివి వినిపించి కూర్చోవడమే కొన్ని రోజుల్లో ఆమె పని. "గ్రామఫోను రికార్డును చేశారు సార్ నన్ను" అని వ్రాసింది ఒకసారి.

ఈ బాధ ఈనాటిది కాదు. మేజీ చక్రవర్తి కాలంలో, పందొమ్మిదో శతాబ్ది చివరి భాగంలో, జపాను ప్రభుత్వం పాశ్చాత్య దేశాలనుంచి ఎందరో నిపుణులనూ, అధ్యాపకులనూ మంచి జీతాలిచ్చి పిలిపించుకున్నది. తమవాళ్ళు పని నేర్చుకోగానే చాలామందిని మర్యాదగా సాగనంపింది. అట్లా వచ్చిన వేలమందిలో ఈనాడు జపాను పిల్లలకు పేరు తెలిసినవారు ఎందరు? ఒకాయన మాత్రం మన అమ్మాయి వుండే షిమానె జిల్లాలోనే ఇంటింటికీ తెలుసు. ఆయన లఫ్కాడియో హెర్న్. తండ్రి ఐర్లాండువాడు, తల్లి గ్రీకు. 1890లో మత్సుయె పట్నానికి ఇంగ్లీషు పంతులుగా వచ్చి, సమురాయి కుటుంబానికి చెందిన సెత్సును పెళ్ళాడి, 1896లో జపాను పౌరుడై కొయిజుమి యకుమొ అని పేరు మార్చుకున్నాడు. మత్సుయెలో వున్నది ఏడాది పైచిలుకే. కోట అగడ్త పక్కన ఆయన కాపురమున్న ఇల్లు ఇప్పటికీ చూపిస్తారు. ఆయన ఏ పాఠం ఎట్లా చెప్పాడో నేడు ఎవరికీ పట్టదు. భార్య నోట విన్న దయ్యాల కథలనూ, పాత కథలనూ వ్రాసి పెట్టాడు గనుక, ఆ కథలు ఆ దేశానికే మళ్ళీ దక్కాయి గనుక, ఆయన నిలిచిపోయాడు.

మన సీమకూ ఇటువంటి ఐర్లాండు పంతులు ఒకాయన వున్నాడు. జేమ్స్ కజిన్స్ అనే ఆ కవి 1915లో భార్య మార్గరెట్‌తో ఇండియాకు వచ్చాడు. అనిబిసెంటు పత్రిక "న్యూ ఇండియా"లో పనిచేస్తూ, 1916లో ఐర్లాండులో జరిగిన తిరుగుబాటును మెచ్చుకుంటూ వ్రాసినందుకు ఆ కొలువు పోయి, మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాలకు అధ్యాపకుడై వచ్చాడు. అప్పటికి ఆయనకు నలభై దాటాయి. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ ఠాకూరు ఆ కళాశాలకు అతిథిగా వచ్చి "జనగణమన" పాడినప్పుడు, సంగీతంలో పట్టభద్రురాలైన మార్గరెట్ ఆ పాట విని స్వరం వ్రాసింది. ఠాకూరు దాన్ని అక్కడే ఇంగ్లీషు చేశాడు. అదే ఏడు కజిన్స్ ఓడెక్కి టోక్యోలోని కెయో విశ్వవిద్యాలయానికి ఆంగ్ల కవిత్వం చెప్పడానికి వెళ్ళాడు. ఇంగ్లీషులో కూడా కవిత్వం వ్రాసిన జపాను కవి యోనె నొగుచి అక్కడే ఆచార్యుడు. మరుసటి ఏడు కజిన్స్ తిరిగి వచ్చి, అక్కడి అనుభవాలమీద "ది న్యూ జపాన్" అనే పుస్తకం 1923లో మద్రాసునుంచి వెలువరించాడు. తర్వాత ఎన్ని చోట్ల తిరిగినా, 1956లో ఆయన కన్నుమూసింది మదనపల్లెలోనే.

మదనపల్లెలో ఆయన చెప్పిన పాఠాలు విన్నవారు ఈనాడు లేరు. మార్గరెట్ చెవి ఒగ్గి విని వ్రాసుకున్న వరుస మాత్రం వున్నది. ఈ ఇద్దరు ఐర్లాండువారి కథా కలిపి చూస్తే నాకొకటి తోస్తున్నది. పరదేశపు పంతులు తాను చెప్పినదానివల్ల నిలవడు. అక్కడ తాను నేర్చుకున్నదానివల్ల నిలుస్తాడు. మా నంద్యాలలోనూ, ఆళ్ళగడ్డకు దిగువనున్న ముత్యాలపాడులోనూ పందొమ్మిదో శతాబ్దిలో బడులు పెట్టిన ఎస్.పి.జి. మిషన్ దొరలు కూడా ముందు మన పిల్లల దగ్గర తెలుగు దిద్దుకున్నవారే కదా!

అయితే మన అమ్మాయి అక్కడ నేర్చుకున్నదేమిటి? చీపురు పట్టడం.

మధ్యాహ్నం భోజనాలు తరగతి గదుల్లోనే. తెల్లటోపీలు పెట్టుకున్న పిల్లలే వంతులవారీగా వడ్డిస్తారు. పంతులమ్మ కూడా వాళ్ళతోపాటే, అదే అన్నం, అదే చేప, అదే పాలు. భోజనం తర్వాత లౌడుస్పీకరులో ఒక పాట మొదలవుతుంది. ఆ పాట సాగే పదిహేను నిమిషాలూ బడి మొత్తం శుభ్రం చేస్తారు. నడవాలు తడిగుడ్డతో తుడుస్తారు. నల్లబల్లలు, మెట్లు, కిటికీలు, చివరికి పాయిఖానాలు కూడా పిల్లల వంతే. ఉపాధ్యాయులూ వాళ్ళతో కలుస్తారు. మొదటి రోజు ఆమె చేతికి ఒక బకెట్టూ, గుడ్డా ఇచ్చారు. ఆమె కొయ్యబారి నిలబడిపోయింది.

ఎందుకో చెప్పాలంటే ఆమె తల్లి సంగతి చెప్పాలి. ఆ తల్లి ఒక ప్రైవేటు ఇంగ్లీషు బడిలో ఆయా. గదులు ఊడ్చి, పాయిఖానాలు కడిగి, జీతానికి బదులు కూతురి ఫీజు మాఫీ చేయించుకున్నది. పదేళ్ళపాటు కూతురు చదివిన బడిని ఆమె ఊడ్చింది. ఇంట్లో మాత్రం కూతురిచేత ఒక్కనాడూ చీపురు పట్టించలేదు. మా తరంతో ఈ పని పోవాలి అన్నది ఆమె పట్టుదల. వాళ్ళ వాడలో పుట్టినవారి చేతికి చీపురు ఎట్లా వచ్చిందో తెలుగు పాఠకులకు నేను విప్పి చెప్పనక్కరలేదు. అంత కష్టపడి విడిపించిన చీపురు సముద్రాలు దాటి వెళ్ళి ఆ పిల్ల చేతికే వచ్చింది.

చుట్టూ చూస్తే హెడ్మాస్టరు, అరవైకి దగ్గరపడిన మనిషి, మోకాళ్ళమీద వంగి మెట్లు తుడుస్తున్నాడు. ఈమె గుడ్డ పిండడం చూసి పన్నెండేళ్ళ పిల్ల ఒకతె వచ్చి, మాట లేకుండా, ఆ గుడ్డ తీసుకుని ఎట్లా మెలిపెట్టాలో చూపించిందట. వాళ్ళ భాషలో గురువును "సెన్సేయ్" అంటారు. ముందు పుట్టినవారు అని ఆ అక్షరాల అర్థం. "ఆ రోజు ఆ పిల్లే నాకంటె ముందు పుట్టింది సార్" అని వ్రాసింది.

ఏడాదిపాటు ఈ సంగతి తల్లికి చెప్పలేదు. చివరకు ఫోనులో ఎవరో పంపిన ఫోటోలో తల్లి చూసింది. మరునాడు బస్సెక్కి నంద్యాలకు, మా ఇంటికి వచ్చింది. "అంత దూరం పోయి పరకే పట్టాల్నా సార్? ఆ పని ఈడ లేకనా?" అన్నది. నేను నాకు తెలిసిందల్లా చెప్పాను: అక్కడ అందరూ ఊడుస్తారనీ, హెడ్మాస్టరు కూడా పడతాడనీ. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగింది: "ఊడ్చినాడని ఆ హెడ్మాస్టరుకు ఆడ ఎవరన్నా నీళ్ళు ఎత్తి పోస్తారా సార్?" నేను జవాబు చెప్పలేకపోయాను.

జపానును ఆకాశానికి ఎత్తడం నా ఉద్దేశం కాదు. తోలుపని, చచ్చిన పశువుల పని చేసేవారిని ఆ దేశమూ తరాల తరబడి ఊరి అంచున పెట్టింది. 1871లో చట్టం ఆ భేదాన్ని రద్దుచేసింది. అయినా పోలేదు గనుకనే 1922లో వారు "సుయిహేయ్‌ష" అనే సంఘం పెట్టుకుని పోరాడవలసి వచ్చింది. 2016లో కూడా ఆ వివక్ష పోగొట్టడానికంటూ మరొక చట్టం చేశారంటే సమస్య తీరలేదనే గదా! బళ్ళో అందరూ చీపురు పట్టినంతమాత్రాన పెళ్ళి సంబంధాల దగ్గర పుట్టుక అడగడం ఆగిపోలేదు. కాని ఒక్క మేలు జరిగింది. ఊడ్చినందుకు ఏ పిల్లా తల వంచుకోనక్కరలేదు. ఏ తల్లీ దాచుకోనక్కరలేదు.

మన దగ్గర ఈ మాట ఎవరూ చెప్పలేదా? గాంధీగారు 1910లో దక్షిణాఫ్రికాలో పెట్టిన టాల్‌స్టాయ్ క్షేత్రంలో, ఉపాధ్యాయుడు తాను చేయని పని పిల్లలకు చెప్పరాదని నియమం పెట్టుకున్నారు. ఆయన బొమ్మ మన ప్రతి బడిలోనూ వుంది. ఆ బొమ్మ కింద చెత్త ఎత్తడానికి మాత్రం ఏ పిల్లవాణ్ణి పిలుస్తారో ఇప్పటికీ అప్పుడప్పుడు పత్రికల్లో చదువుతున్నాము. తక్కిన తల్లిదండ్రులు "మా పిల్లలచేత ఊడిపిస్తారా?" అని తగవుకు వస్తారు. వారిని తప్పుపట్టి లాభం లేదు. మనకు చీపురు ఎప్పుడూ ఒట్టి చీపురు కాదు. అది ఫలానా ఇంటి పిల్ల అని చెప్పే గుర్తు. ఆ గుర్తు చెరిగిపోవాలంటే ముందు పట్టవలసినవారు పిల్లలు కారు, మాబోటి జీతగాళ్ళం.

జపానులో చదువుల ఏడు ఏప్రిలులో మొదలై మార్చిలో ముగుస్తుంది. వచ్చే మార్చికి ఆమె ఒప్పందం అయిపోతుంది. మరొక్క ఏడు వుండి, నాలుగు డబ్బులు కూడబెట్టుకుని, తిరిగివచ్చి బి.ఎడ్. చేసి, మన వైపే ఏదైనా బడిలో చేరాలని ఆమె ఆలోచన. చేరితే అక్కడి పద్ధతి ఇక్కడ పెడతావా అని అడిగాను. "పిల్లలను ఊడ్వమని చెప్పను సార్. పాట పెట్టి నేను ఊడుస్తాను. చేరేవాళ్ళు చేరతారు" అని జవాబు వచ్చింది.

ఈ మాట ఆళ్ళగడ్డలో తల్లికి చదివి వినిపించాను. ఈసారి ఆమె కోపగించుకోలేదు. ఫోటో మరొకసారి చూపించమని అడిగి, కూతురు చీపురు పట్టుకున్న తీరు పరీక్షగా చూసి, "దానికి మూలలు ఊడ్చేది రాదు సార్. రానీండి, నేను నేర్పిస్తా" అన్నది.